పెద్ద మేడం ఎర్ర తువ్వాలు

నిన్న మధ్యాహ్నం క్లాసు ముగించుకొచ్చి, స్టాఫ్‌రూంలో కుర్చీ లాక్కుని మోకాలికి నొప్పి మందు రాసుకుంటూ ఉంటే ఫోను టింగుమంది. ప్రిన్సిపాల్‌గారి సందేశం. వచ్చే నెలలో బోటనీ పిల్లలకి ఫీల్డ్ ట్రిప్పుట. సముద్రం ఒడ్డున గుడారాలు వేసుకుని ఉంటారట. వాళ్ళు పాటించవలసిన నిబంధనలు నేను రాసివ్వాలిట. “మీకు అనుభవం ఉంది కదా మేడమ్” అని చివర ఒక దండం బొమ్మ పెట్టారు. ఈ వయసులో ఎవరైనా నా అనుభవాన్ని మెచ్చుకున్నారంటే ఆ పనికి ఇంకెవరూ ఒప్పుకోలేదని అర్థం. దాని కింద, నమూనాకని వేరే ఏదో కాలేజీవాళ్ళ నిబంధనలు జత చేశారు. పాముల గురించి, డ్రోన్ల గురించి, సెల్ఫీల గురించి, ఎలర్జీల గురించి, వేలితో పైకి తోసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. అన్నిటికంటే ముందు, లావు అక్షరాల్లో, ఈ యాత్రలో విద్యార్థికి ఏం జరిగినా కాలేజీకి బాధ్యత లేదు అన్న వాక్యం ఉంది. దాని పక్కన తల్లిదండ్రుల సంతకానికి ఒక గీత. చదివి ఫోను బోర్లా పెట్టేశాను. కోపం కూడా రాలేదు. కోపం రావడానికి కొంచెం ఓపిక కావాలి, ఉన్నది కాస్తా మధ్యాహ్నం క్లాసులో ఖర్చయిపోయింది.

నేను మొట్టమొదట విన్న క్యాంపు నిబంధనలు కాగితం మీద లేవు. మద్దిలపాలెంలో, ఇంజను ఆపకుండా గుర్రుమంటున్న బస్సు మెట్టు మీద నిలబడి మా పెద్ద మేడం నోటితో చెప్పినవి అవి. నేను అప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఆవిడ బోటనీ డిపార్ట్‌మెంటుకి పెద్ద. ఇంకొక చిన్న మేడం కూడా ఉండేవారు కాబట్టి ఈవిడ పెద్ద మేడం అయ్యారు గాని, మనిషి మాత్రం మా అందరికంటే పొట్టి. బ్లాక్‌బోర్డు పైసగం మీద ఆవిడ ఎప్పుడూ ఏమీ రాయలేదు. అక్కడ అంతకు ముందు క్లాసు ఫిజిక్సు మాస్టారి లెక్కలు అలాగే ఉండిపోయేవి, ఆ లెక్కల కింద మేము ఆకుల రకాలు నేర్చుకునేవాళ్ళం. ముదురు రంగు నేత చీర, మణికట్టుకి లోపలివైపు తిప్పి పెట్టుకున్న గడియారం, ఎండున్నా లేకపోయినా గొడుగు. గుడ్డు పేరెత్తినా ముక్కు మూసుకునే ఇంట్లో పుట్టారు. గొంతు మాత్రం ఆ మనిషికి సరిపడేది కాదు. బస్సు ఇంజను ఓడిపోయేది.

ఎవరి పక్క వాళ్ళే మోసుకోవాలి. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి. ఒంటి మీద బంగారం ఉండకూడదు. ఒక మొక్క కనబడితే చూడాలి, చాలా కనబడితేనే ఒకటి పీకాలి. రాత్రి అంత్యాక్షరి ఆడుకోవచ్చు, కానీ లాంతరు ఆర్పాక ‘మ’ అక్షరం వచ్చినా సరే నోరు మూసుకోవాలి. అబ్బాయిల గుడారాలు ఒకవైపు, అమ్మాయిల గుడారం ఒకవైపు, మధ్యలో వంట పొయ్యి, పొయ్యి పక్కన తన మడతమంచం. సముద్రంలోకి చీలమండ దాటి ఎవరూ దిగకూడదు. ఎవరి చీలమండ అని వెనక సీట్లోంచి ఒకడు అడిగాడు. “నాది,” అన్నారు ఆవిడ. ఆవిడ ఎత్తు తెలిసిన మాకందరికీ సముద్రం దాదాపు నిషేధమని అర్థమైపోయింది. ఇంకొకటి చెప్పారు. తప్పు ఎవరైనా చేస్తారు, కానీ బయటివాళ్ళు వచ్చి చెప్పేలోగా చేసినవాళ్ళే వచ్చి చెప్పాలి. ఆఖరిది ఎర్ర తువ్వాలు సంగతి. సముద్రపు గాలికి ఈలా వినబడదు, గంటా వినబడదు. అందుకని ఆవిడ ఇసుకదిబ్బ ఎక్కి ఎర్ర తువ్వాలు ఊపుతారు. అది కనబడ్డవాళ్ళు చేతిలో ఏముంటే అది వదిలేసి వచ్చి వరసలో నిలబడాలి, ఆవిడ తలలు లెక్కపెట్టుకుంటారు. ఆ తువ్వాలు చూపించి మరీ చెప్పారు. కొత్తది, ఎంత ఎరుపంటే దాని రంగు ఆవిడ చేతికి కొంచెం అంటుకుంది కూడా.

ఈ నిబంధనలన్నీ విని నవ్వుకున్నాం గాని, నాకు తెలుసు అవి ఎందుకో. అంతకు ముందు వరకు మా కాలేజీలో క్యాంపు అంటే అబ్బాయిలకే. అమ్మాయిలని ఒక పూట కైలాసగిరి తీసుకెళ్ళి, పులిహోర పెట్టి, చీకటి పడకముందే ఇళ్ళకి పంపించేసేవారు. ఒడ్డున ఉండి చూడని పిల్లకి ఒడ్డున బతికే మొక్క గురించి నేనేం చెప్పను అని పెద్ద మేడం ప్రిన్సిపాల్‌తో పోట్లాడి పోట్లాడి, ఆ ఏడు మా కొద్దిమంది అమ్మాయిలకి అనుమతి సంపాదించారు. అనుమతి అంటే ఆయన ఇచ్చింది ఒక్కసారికే. ఏ చిన్న మాట వచ్చినా మళ్ళీ ఆడపిల్లల క్యాంపు ఊసెత్తనని ఒప్పుకుంటేనే ఇచ్చారు. ఇక ఇళ్ళలో ఒప్పించడం ఇంకో యుద్ధం. మాది ఆనందపురం దాటాక ఉన్న పల్లె. మా నాన్న బంతిపూలు, వంకాయలు పండించి జంక్షన్‌లో అమ్మేవాడు. మా వైపు ఆడపిల్ల డిగ్రీ దాకా రావడమే ఎక్కువ, ఆపైన గుడారమా! నాన్న కాలేజీకి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆవిడ ఎదుట నిలబడ్డాడు. “మా ఇంటి ఆడపిల్ల ఇంతవరకు పొరుగూరిలో పడుకోనేదు మేడంగారూ. మీ మొకం సూసి పంపుతన్నాను. ఒక్క మాట నా సెవిలో పడిందంటే సదువు మానిపించేత్తాను,” అన్నాడు. ఆవిడ సరేనన్నారు. బెదిరింపుకి సరేననడం నేనెప్పుడూ చూడలేదు. అలా నా చదువంతా ఆ క్యాంపు మీద ఆధారపడి బస్సెక్కింది.

పరవాడ దాటి సముద్రం వైపు తిరిగాం. ఇప్పుడు ఆ దారిలో వెళ్తే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, మందుల ఫ్యాక్టరీల వాసన, లారీలు. అప్పుడు సరుగుడు తోటలు, జీడిమామిడి, మధ్యమధ్య తాటిచెట్లు, ఆ చివర ఒక జాలరిపేట. పేటకి దూరంగా, ఇసుకదిబ్బల వెనక ఎన్.సి.సి. వాళ్ళ దగ్గర అరువు తెచ్చిన గుడారాలు వేశాం. వాటికి ఎన్నో ఏళ్ళ కిరసనాయిలు, చెమట కలిసిన వాసన ఉండేది. ఇప్పటికీ పాత గోనెసంచి వాసన తగిలితే నాకు ఉప్పుగాలి కూడా వస్తుంది. మొదటి రోజు సముద్రం పోటు మీద ఉంది, పడవలు ఒడ్డునే ఉన్నాయి. మేము ఇసుకలో పాకే ఊదారంగు పూల తీగలు గీసుకున్నాం, రావణాసురుడి మీసాలనే ముళ్ళగడ్డి బంతులు గాలికి దొర్లిపోతుంటే వాటి వెనక పరిగెత్తాం. పెద్ద మేడం ఉన్న దిబ్బల్లోకెల్లా ఎత్తయినది వెతుక్కుని ఎక్కి, తువ్వాలు ఊపారు. అందరం వచ్చేశాం. లెక్క సరిపోయింది. ఆవిడ ముఖంలో నేను అంతకు ముందు, ఆ తరవాత కూడా చూడని సంతోషం ఆ సాయంత్రం చూశాను. తన పద్ధతి పనిచేసిందన్న సంతోషం అది.

రెండో రోజు సముద్రం చల్లబడింది. ఆ పేటలో పెద్దవల వేస్తారని, అదెలా వేస్తారో మాకెవరికీ తెలియదు. పడవలో వల ఎక్కించుకుని కొంత దూరం పోయి ఆగుతారు. చేపల గుంపు వస్తే నీటి రంగు మారుతుంది, పడవలో ఉన్నవాళ్ళకి అది కనబడదు. అందుకని ఒక పెద్దమనిషి ఒడ్డున దిబ్బ మీద నిలబడి చూస్తూ ఉంటాడు. గుంపు కనబడగానే పైపంచె తీసి ఊపుతాడు. అది చూసి పడవ చుట్టూ తిరిగి వల వదిలేస్తుంది, రెండు వైపుల తాళ్ళు పట్టుకుని ఒడ్డున ఉన్నవాళ్ళు లాగుతారు. వదిలిన వల మళ్ళీ పడవలోకి ఎత్తలేరు, ఒడ్డుకి లాగాల్సిందే. ఆ రోజు ఆ పెద్దమనిషి తన దిబ్బ మీదే ఉన్నాడు, గుంపు ఇంకా దగ్గరికి రావాలని చూస్తున్నాడు. ఆయనకి కాస్త ఇవతల, అంతకంటే ఎత్తయిన దిబ్బ మీద, సరిగ్గా భోజనాల వేళ, మా పెద్ద మేడం నిలబడి ఎర్ర తువ్వాలు ఊపారు.

మేము మా చీలమండల నీళ్ళలోంచి బయటికొచ్చి పరిగెత్తుకెళ్ళి వరసలో నిలబడ్డాం. పడవవాళ్ళు కూడా ఆ తువ్వాలు మాటే విన్నారు. అవతల దిబ్బ మీద ఒకాయన గెంతుతున్నాడు, చేతులు అడ్డంగా ఆడిస్తున్నాడు, అరుస్తున్నాడు. మాకు వింతగా అనిపించి ఒకడు ఆయన్ని అనుకరించి గెంతాడు కూడా. తలల లెక్క పూర్తయ్యేసరికి పేటలోంచి ఆడవాళ్ళు వస్తున్నారు. అందరికంటే ముందు వచ్చినావిడ చీర దోపుకుని, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని ఉంది.

“ఏటమ్మా, సదూకున్నోళ్ళు గదా మీరు! దిబ్బెక్కి ఎర్రగుడ్డ ఊపినారేటి? గుంపొచ్చినాదనుకుని మావోళ్ళు వలొగ్గేసినారు. ఇన్ని దినాలకి కవ్వళ్ళ సేప ఇటొచ్చినాది, పొయ్యిలో పిల్లి నెగనేదు మా ఇళ్ళల్లో, తెలుసా మీకు?”

పెద్ద మేడానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తువ్వాలు వంక చూసుకున్నారు. వల లాగితే అందులో జెల్లీ చేపలు, నాచు, కొద్దిగా చిల్లర చేప. గుంపు చెదిరిపోయింది. మనిషికొక మాట అంటున్నారు. ఒక కుర్రవాడు మరీ కోపంగా ఉన్నాడు, “కాలేజీకొచ్చి మీ పెద్దసారికే సెప్తాం,” అన్నాడు. ప్రిన్సిపాల్ చెవిలో పడ్డ మాట ఆనందపురం చేరడానికి ఎంతసేపు! నాకు ఆ చేపలు పోయాయని బాధ కలగలేదు. నా చదువు పోయిందనే ఏడుపొచ్చింది. ఆ వయసు అలాంటిది. మా వాళ్ళలో ఒకడు గొణిగాడు, ఊపింది మనం కాదని, ఎవరో టూరిస్టులని చెప్పేద్దామని. పెద్ద మేడం వాడివైపు తిరిగి చూశారు, వాడు వెళ్ళి వరసలో అందరి వెనక నిలబడ్డాడు. తరవాత ఆవిడ దిబ్బ దిగి, దిబ్బ మీద గెంతిన ఆ పెద్దమనిషి దగ్గరికే వెళ్ళారు.

“ఊపింది నేను. పిల్లల్ని పిలవడానికి ఊపాను. మీ పద్ధతి ఏమిటో ముందు మిమ్మల్ని అడగలేదు, అది నా తప్పు. ఏం చెయ్యమంటారో చెప్పండి,” అన్నారు. ఆయన ఆవిడని పైనుంచి కింద దాకా చూశాడు. చూడటానికి అట్టే సమయం పట్టలేదు. “పోయిన సేప పోనాది. మా ఆడోళ్ళకి ఇయాల సెయ్యి సచ్చిపోనాది ఊరికే లాగి. రేపు తాడుకాడికి మీరు రండి,” అన్నాడు.

మర్నాడు తెల్లవారాక మేమంతా తాడు పట్టాం. తాడు ముందు భాగం నీళ్ళలో ఉంటుంది, అక్కడ నిలబడ్డవాళ్ళు నడుం దాకా తడవాలి. “మేడమ్, చీలమండ!” అని వెనక నుంచి మా వాళ్ళు అరిచారు. ఆవిడ కాసేపు సముద్రంతో బేరమాడుతున్నట్టు నిలబడి, “మోకాలు,” అన్నారు. ఇంకాసేపటికి, “అబ్బాయిలు నడుం,” అన్నారు. ఆ తరవాత నిబంధనలు సవరించడం మానేసి, చీర దోపుకుని, గొడుగు ఇసుకలో గుచ్చి, తనే వచ్చి తాడు పట్టుకున్నారు. వల బరువు అంత ఉంటుందని నాకు తెలియదు. అడుగు వెనక్కి వేస్తే సముద్రం అర అడుగు ముందుకి లాక్కునేది. తాడుకి ఉప్పు, ఇసుక పట్టి అరచేతులు కోసుకుపోయాయి. ఎండ నెత్తికెక్కింది. మా ముందు నిన్న తట్ట పట్టుకొచ్చినావిడ ఉంది, మాకు పాట నేర్పుతోంది, మేం తప్పు పాడితే తిడుతోంది, మధ్యలో నవ్వుతోంది. నేను ఆనందపురం మాట కాసేపు మరిచిపోయాను.

అదృష్టం బాగుండి ఆ రోజు కవ్వళ్ళు పడ్డాయి. వెండి రంగు చేపలు ఇసుక మీద ఎగురుతుంటే మేం గట్టిగా అరిచాం. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆ పేటలో తాడు పట్టిన ప్రతి చేతికీ చేపల్లో వాటా ఇవ్వాలి. చుట్టానికైనా, దారిన పోయేవాడికైనా సరే. మాకిచ్చారు, ఆనక పెద్ద మేడం ముందు కూడా ఒక కుప్ప పోశారు. ఆవిడ ముఖం చూడాలి. వద్దంటే తప్పు, తీసుకుంటే ఇంటి ఆచారం పోతుంది! అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. ఆవిడ నెమ్మదిగా నడుముకి చుట్టుకున్న ఎర్ర తువ్వాలు విప్పి, ఇసుక మీద పరిచి, “ఇందులో పెట్టండి,” అన్నారు. మూట కట్టుకుని, ముక్కు మూసుకోకుండా, చేతులతో పట్టుకుని మా గుడారాల దాకా మోశారు. ఆ మధ్యాహ్నం పేట ఆడవాళ్ళే వచ్చి మాకు పులుసు వండి పెట్టారు. మేం తింటుంటే ఆవిడ గాలికి ఎదురుదిక్కున, మడతమంచం మీద అటు తిరిగి కూర్చుని, అటుకులూ పెరుగూ తిన్నారు.

ఇళ్ళకొచ్చేశాం. కాలేజీకి ఎవరూ వచ్చి ఫిర్యాదు చెయ్యలేదు. అయినా మాట ఆగుతుందా! మా మేనమామ హార్బరులో పనిచేసేవాడు, ఆ పేటవాళ్ళెవరో చెప్పారట. ఆదివారం పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. “ఏటి బావా, కూతురి సేత వల లాగించార్ట గదా! ఊరోళ్ళు తగువాడితే పంచాయితీ కూడా అయ్యిందట. ఇందుకేనేటి పంపినావు?” అన్నాడు. నాన్న వంకాయల బుట్ట ముందు పెట్టుకుని పుచ్చులు ఏరుతున్నాడు. నేను చేతులు ఓణీలో దాచుకుని గుమ్మం వెనక నిలబడ్డాను. నాకు తెలుసు, నాన్న ఒక మాట అన్నాడంటే అన్నట్టే. రేపటినుంచి కాలేజీ లేదు.

అప్పుడు వీధి మలుపులో గొడుగు కనిపించింది. పెద్ద మేడం. ఆనందపురం జంక్షన్‌లో బస్సు దిగి, మా పల్లె దాకా ఎండలో నడిచొచ్చారు. అమ్మాయిల ఇళ్ళన్నీ వరసగా తిరుగుతున్నారని తరవాత తెలిసింది. మా నాన్న లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా ఆవిడ కూర్చోలేదు, మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. ఆవిడ చెప్పాలనుకున్నది చెప్పేదాకా ఏదీ ముట్టరు కాబోలు.

“మీరు ఒక్క మాట చెవిన పడకూడదన్నారు. అది ఇంకొకరు చెప్పకూడదని నేనే వచ్చాను,” అని మొదలుపెట్టి, తువ్వాలు, పడవ, పోయిన చేప, మర్నాటి తాడు, అన్నీ చెప్పారు. ఒక్కటి దాచలేదు, ఒక్కటి కలపలేదు. “తప్పు నాది. పిల్లది కాదు. చేతులు పుళ్ళు పడ్డాయి, అదీ నా వల్లే. ఇంక క్యాంపుకి పంపమని అడగను. చదువు మాత్రం మానిపించకండి,” అన్నారు. బస్సు ఇంజనుని ఓడించే ఆ గొంతు మా గుమ్మంలో చాలా చిన్నదైపోయింది.

నాన్న నన్ను పిలిచి చేతులు చూపించమన్నాడు. చూపించాను. అరచేతుల మీద బొబ్బలు చిట్లి, ఎర్రగా ఉన్నాయి. తన బొటనవేలితో ఒకసారి తడిమాడు. తరవాత ఆవిడ వైపు తిరిగి, “మీరూ లాగినారా మేడంగారూ?” అని అడిగాడు. ఆవిడ గొడుగు చంకలో పెట్టుకుని రెండు చేతులూ చాపారు. మా వాకిట్లో ముగ్గురి చేతులు పక్కపక్కన ఉన్నాయి. నాన్న వాటిని అట్టే చూడలేదు, తల తిప్పేసుకున్నాడు. “పనే గదా బావా సేసింది. దొంగతనం సేసిందేటి?” అని మా మావయ్యతో అన్నాడు. ఆవిడతో మాత్రం, “కూకోండి మేడంగారూ, ముందు నీళ్ళు తాగండి. మళ్ళీ ఏడూ పంపుతాను. మీరెల్తేనే సుమండీ,” అన్నాడు. పెద్ద మేడం అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్ళూ తాగేశారు. మా అమ్మ వంకాయలు మూటగట్టి ఇస్తే, ఈసారి ఇబ్బంది లేకుండా పుచ్చుకున్నారు. తండ్రులే పంపుతామంటే ప్రిన్సిపాల్ కాదనలేకపోయారు, ఆ మరుసటి ఏడు నేను మళ్ళీ వెళ్ళాను. క్యాంపుకి ముందే ఆవిడ పేటకి వెళ్ళి ఏ దిబ్బ ఎవరిదో అడిగి వచ్చారు. అక్కణ్ణుంచి అమ్మాయిల క్యాంపు ఆగలేదు.

ఇప్పుడు పెద్ద మేడం లేరు, నాన్న లేడు. పెద్దవలలు కూడా చాలా చోట్ల తగ్గిపోయాయని మా పిల్లల్లో ఆ పేటలనుంచి వచ్చినవాళ్ళు చెబుతారు. ఇవాళ పొద్దున్న కూర్చుని నిబంధనలు టైపు చేశాను. పాములు, డ్రోన్లు, మందులు, అన్నీ పెట్టాను. కాలేజీకి బాధ్యత లేదు అన్న వాక్యం తీసేసి చూశాను. పిల్లల బాధ్యత నాది అని రాసి చూశాను. ఆ మాట ఎదురుగా కనబడుతుంటే మోకాలు గుర్తొచ్చింది, నలభైమంది పిల్లల తండ్రులు గుర్తొచ్చారు, లాయరు నోటీసులు గుర్తొచ్చాయి. మళ్ళీ పాత వాక్యమే పెట్టి, పంపించేశాను. ప్రిన్సిపాల్‌గారు వెంటనే బొటనవేలు బొమ్మ పంపారు. ఆ ఆదివారం మా గుమ్మంలో నిలబడ్డ పెద్ద మేడం నాకు ముసలావిడలా కనిపించారు. లెక్కేసుకుంటే అప్పటికి ఆవిడకి నలభై అయిదు కూడా ఉండవు. ఆ వయసు నేనెప్పుడో దాటేశాను. ఎండలో నడిచి వెళ్ళి ఒకరి గుమ్మం ముందు ‘తప్పు నాది’ అనగలిగే వయసు మాత్రం నాకింకా రాలేదు.